కొత్త తాడు, మొదటి లొట్టి

కోదాడ నుంచి సూర్యాపేట దాకా ఉన్న రోడ్డు మీద నా నాలుకకు గొప్ప పేరుందని చాలా ఏళ్లు నమ్మాను. ఎవరూ చెప్పలేదు, నేనే కనిపెట్టాను. కనిపెట్టి ఊరుకోకుండా ఇంట్లో చెప్పాను, పురుగుమందుల కంపెనీలో నా తోటివాళ్లకు చెప్పాను, మిర్యాలగూడ మిల్లుల దగ్గర కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. కల్లు రుచి చెప్పడంలో ఈ చుట్టుపక్కల నన్ను మించినవాడు లేడన్నాను. వినేవాళ్లు తలూపేవారు. మా ఆవిడ మాత్రం ఊపేది కాదు. ఆవిడకు నా నాలుక సంగతీ తెలుసు, నాలుక దాటాక జరిగే సంగతులూ తెలుసు.

ఆ పేరు నాకు తెచ్చిపెట్టిందని నేననుకున్న మనిషి పోయిందని మొన్న సూర్యాపేట బస్టాండులో తెలిసింది. చెప్పింది ఒక కండక్టరు. నన్ను చూసి బస్సు దిగి వచ్చి, చంకలో టికెట్ల పెట్టె సర్దుకుంటూ, "సారూ, మండువ అక్క పోయింది, ఎర్కేనా? దినాలు గుడ అయిపాయె," అన్నాడు. నాకు కబురు ఎవరు పెడతారు? బంధువును కాను, ఊరివాణ్ని కాను. వాడికె మనిషిని, అంతే. ఫలానా మనిషి ఫలానా చోటే తాగుతాడు, అతని వంతు అతనికి ఉంచాలి అనే ఏర్పాటును ఆ వైపు వాడికె అంటారు. దానికి చావు కబురు అందే హక్కు లేదు.

ఆమె పేరు నాకు తెలియదు. పదిహేనేళ్లకు పైగా తాగి కూడా అడగలేదు. అందరూ అక్క అనేవారు. ఆమెకంటే పెద్దవాళ్లు, పళ్లూడిన ముసలివాళ్లు కూడా అక్కా అనే పిలిచేవారు. ఆమె మాత్రం ఎవరినీ పేరుతో పిలిచేది కాదు. డ్రైవరు, కండక్టరు, పంతులు, పాలాయన, ఇలా పనిని బట్టి పిలిచేది. నేను మందుల సారును. చాలామందికి తెలియని ఇంకో పేరు కూడా ఉండేది నాకు. అసలు చాలామందికి తెలుసట, తెలియంది నాకే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

మునగాల దాటి సూర్యాపేట వైపు పోతుంటే రోడ్డు పక్కన కొన్ని తాళ్లు కనిపించేవి. తాటిచెట్టును అక్కడ తాడు అనే అంటారు. వాటి కింద కమ్మల పందిరి, పందిరి కింద వరసగా లొట్లు. లొట్టి అంటే చెట్టుకు కట్టి కల్లు పట్టే చిన్న కుండ. కల్లు దించి అక్కడికక్కడే పోసే ఆ చోటే మండువ. ఆమె భర్త, అతని తమ్ముడు చెట్లెక్కి గీసేవారు. ఆమె కింద నిలబడి పోసేది. ఆమె కూర్చోగా నేను చూడలేదు. ఎడమ చెయ్యి నడుము మీద, కుడి చేతిలో లొట్టి. కాళ్లకు లావుపాటి వెండి కడియాలు. కుక్క వస్తే కడియం కాలు ఒకసారి నేలకేసి కొట్టేది. కుక్క పోయేది. ఎక్కువ తాగిన మనిషి వచ్చినా అదే వైద్యం.

అన్నిటికంటే వింత ఏమిటంటే, కల్లు పోసేటప్పుడు ఆమె కొంగుతో ముక్కు మూసుకుని, ఆ కొంగు కొస పళ్ల మధ్య కరిచిపట్టుకునేది. మొదట్లో సిగ్గు అనుకున్నాను. ఆ మనిషికి సిగ్గా! ఒకసారి అడిగితే, "నాకీ వాసనే పడదు సారూ. కడుపుల తిప్పుతది," అంది. పుట్టింది, మెట్టింది గీసే ఇళ్లలోనే. బతుకంతా కల్లు మధ్యనే. ఒక్క చుక్క నోట్లో వేసుకుని ఎరగదు. రుచి ఏమిటో ఆమెకు తెలియదు. తెలిసినట్టు నటించేది కూడా కాదు. "మంచిగున్నదా అక్కా?" అని ఎవరైనా అడిగితే, "నన్నడుగుతవేంది? తాగేది నువ్వా నేనా?" అనేది.

నేను ఆ పందిరి కిందికి మొదటిసారి వెళ్లింది బస్సు టైరు పుణ్యాన. ఎనభైల మొదట్లో మాట. కొత్త ఉద్యోగం, ఇస్త్రీ పాంటు, చేతిలో మందుల శాంపిళ్ల సంచి. టైరు మార్చేలోగా బస్సులో సగం మంది మండువలోకి నడిచారు. నేనూ వెళ్లి ఒక పక్కన నిలబడ్డాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసి, "తాగుతవా సారూ?" అంది.

"తాగొచ్చు గానీ, కడుపుకేం కాదు గదా అక్కా?" అన్నాను.

"ఏమైతది నీ కడుపుకు?"

"ఏమైనా అవుద్ది. మా పెళ్లి భోజనమే నాకు పళ్లేదు."

ఆమె లొట్టి కింద పెట్టింది. కొంగు ముక్కు మీద నుంచి తీసేసింది. "ఇంకేమేం పడయి?" అని అడిగింది. నాకు ఉత్సాహం వచ్చింది. వంకాయ పడదని, శనగపప్పు పడదని, హోటలు సాంబారు సంగతి చెప్పనక్కర్లేదని, పాలు తాగితే ఒక రకంగా, పెరుగు పులిస్తే ఇంకో రకంగా ఉంటుందని, ఊరు మారితే నీళ్లే పడవని వివరంగా చెప్పాను. ఏ డాక్టరూ నా బాధ అంత శ్రద్ధగా వినలేదు. మధ్యలో, "మిరపకాయ బజ్జి?" అని ఒక అనుమానం కూడా తీర్చుకుంది. "దాని పేరు ఎత్తకక్కా," అన్నాను. ఆమె మొహంలో కనిపించింది జాలి అనుకున్నాను.

తర్వాత ఆ రోజే కొత్త తాడు నుంచి దించిన లొట్టి అందుకుని, ఒక తాటాకు రేకు నా చేతిలో పెట్టింది. ఆకును దోసిలిలా మడిచి రెండు చేతులతో మూతికి ఆనించుకుంటే, ఆమె ఎత్తు నుంచి ధార వదులుతుంది. నేను గబుక్కున తాగబోయాను. "ముందుగాల భూమికి," అంది. రెండు చుక్కలు నేల మీద వదిలాను. తాగాను. అంతవరకూ బాగానే ఉంది. తాగి ఊరుకుంటే ఈ కథ లేదు. నేను కళ్లు మూసుకుని, తల కొంచెం వెనక్కి వాల్చి, "మొదట తీపి తగిలింది. దాని వెనక సన్నగా పులుపు. గొంతు దాటాక ఒక వగరు, అది కాసేపు ఉండి పోయింది," అన్నాను. అలా ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. పురుగుమందులు అమ్మేవాడికి దేన్నయినా వర్ణించే జబ్బు ఉంటుంది.

కళ్లు తెరిచేసరికి పందిరి కింద అందరూ తాగడం ఆపి నన్నే చూస్తున్నారు. అది గౌరవమని తీర్మానించుకున్నాను. ఆమె మాత్రం, "అట్లనా?" అని, "రేపు గుడ ఇటే వస్తవా సారూ?" అంది.

మర్నాడు బస్సు మండువ దగ్గర ఆగింది. కండక్టరుకు అక్కడేదో పనుంది. ఆమె రోడ్డు దాకా వచ్చి కిటికీలో నన్ను వెతికి పట్టుకుంది. "పొద్దుగాల మంచిగ లేచినవా?" అంది.

"లేచానక్కా."

"కడుపు?"

"దివ్యంగా ఉంది."

ఆమె వెనక్కి తిరిగి పందిరిలోకి కేకేసింది. "కొత్తది పోయుండ్రి ఇగ!"

నా ఛాతీ ఎంత పొంగిందో చెప్పలేను. సూర్యాపేటలో దిగేదాకా పొంగే ఉంది.

అప్పటి నుంచి అదొక ఆనవాయితీ అయింది. కొత్తగా ఏ తాడు గీసినా మొదటి రోజు దించిన లొట్టి వేరుగా పెట్టేది. దానిలోంచి ఒక రేకు నాకే. మిగిలింది ఆ చెట్టు మొదట్లోనే పారబోసేది. డ్రైవర్లు బతిమాలినా పోసేది కాదు. మర్నాడు నా కబురు తెలిశాకే ఆ చెట్టు కల్లు అందరికీ పోసేది. నేను కోదాడ నుంచి రాకపోతే ఏ బస్సు కండక్టరు ద్వారానో అడిగించేది. "అక్క అడగమన్నది. మంచిగున్నవా సారూ?" అనేవాళ్లు. ఎంత ప్రేమ! మా అత్తగారు కూడా నన్ను అలా అడిగి ఎరగదు. ఒక రోజు ఎందుకు ఆగుతావని అడిగితే, "ఆగాలె," అనేది. దేవుడికి సంబంధించిందేమో, వివరాలు అడగకూడదేమో అనుకుని మర్యాదగా ఊరుకున్నాను. ఆమెకు రుచి తెలియదు, నాకు తెలుసు. కాబట్టి నా తీర్పు కావాలి. లెక్క ఇంత తేలిగ్గా కుదిరాక ఇంకో కారణం వెతికే తెలివి ఎవరికుంటుంది?

తీర్పులు కూడా రానురాను పొడవయ్యాయి. ఉత్తరపు గాలికి గీసిన కల్లని, వాన పడ్డ మర్నాటి కల్లని కళ్లు మూసుకుని చెప్పేవాణ్ని. ఒకసారి ఇది ముసలి చెట్టుదని చెప్పాను. ఆమె భర్త చెట్టు మీద నుంచే పడీపడీ నవ్వాడు. అది ఆ ఏడాదే మొదటిసారి గీసిన పడుచు తాడట. అయినా నేను తగ్గలేదు, ఇది వయసుకు మించిన చెట్టు అన్నాను. ఆమె చెంపకు చెయ్యి ఆనించి అంతా ఓపిగ్గా వినేది. విన్నాక ఒకటే మాట, "రేపు చెప్పు సారూ." ఇంకా ఏం చెప్పాలో నాకు అర్థమయ్యేది కాదు. రాత్రంతా ఆలోచించుకుని మర్నాటికి మరో రెండు ముక్కలు కూర్చుకునేవాణ్ని. ఆమె అవి వినకుండానే కడుపు గురించి అడిగి వెళ్లిపోయేది.

మిర్యాలగూడలో ఒక మిల్లు మేనేజరు ఉండేవాడు. మా మందులు వాళ్ల పొలాలకు కొనేవాడు. ఒకసారి అక్కడ కొత్తగా పెట్టిన బారుకు తీసుకుపోయి చల్లటి బీరు ఇప్పించాడు. నేను గ్లాసును ట్యూబులైటుకు అడ్డంగా పట్టుకుని చూసి, ఒక గుక్క నోట్లో తిప్పి, "బాగుంది గానీ, ఇది ఏ చెట్టుదో చెప్పలేం," అన్నాను. అతను ఆ మాట పదిమందికి చెప్పి నవ్వాడట. నవ్వాడని కాదు, మెచ్చుకున్నాడని నాకు అందింది. ఆ బీరు కూడా నాకు పడలేదు. మర్నాడు సెలవు పెట్టాను.

ఇక అసలు సంగతికి వస్తాను. ఒక వానాకాలం ఆమె భర్త చెట్టు మీది నుంచి జారి పడ్డాడు. ప్రాణం దక్కింది, కాలు పోయింది. అప్పటి నుంచి అతను పందిరి పక్కన నులకమంచం మీద కూర్చుని చెట్లెక్కే మోకులు పేనుకునేవాడు. ముందే తక్కువ మాటల మనిషి, ఇప్పుడు ఆ తక్కువా లేదు. చెట్లన్నీ మరిది ఒక్కడి మీద పడ్డాయి. ఒక్కడు అన్ని తాళ్లు ఎక్కలేడు. లొట్లు సగమయ్యాయి. తాగేవాళ్లు వచ్చి ఖాళీ చేతులతో పోవడం మొదలైంది. ఆమె అదే నిలువు నిలబడేది గానీ, కడియాల కాలు నేలకు కొట్టడం తగ్గింది.

మరిది పడుచువాడు, టెర్లిన్ చొక్కా వాడు. అతనికి ఒక ఉపాయం దొరికింది. పట్నంలో టోకున కల్లు అమ్మే ఒక కాంపౌండు వాళ్లు కల్లును క్యాన్లలో పంపుతామన్నారు. ఏ చెట్టూ ఎక్కనక్కర్లేదు. దాంట్లో ఏదో పొడి కలుపుతారని, అలవాటైనవాడికి అది లేకపోతే చేతులు వణుకుతాయని అందరికీ తెలుసు. మన దాంట్లో కొంచెం కలిపి పోద్దాం, ఎవడికీ తెలియదు అని మరిది. వద్దని ఆమె. వద్దంటే ఎట్లా, కాంపౌండులోనే పనికి కుదురుతా, చెట్లు నువ్వే ఎక్కుకో అని మరిది. ఆమె ఎక్కలేదు, భర్త ఎక్కలేడు. ఇంట్లో తినే నోళ్లున్నాయి. మండువ మూత పడితే వాళ్లకు వేరే ఆధారం లేదు. కలిపి పోస్తే మండువ ఉంటుంది, ఇన్నేళ్లూ ఆమె నిలబెట్టుకున్న పేరు ఉండదు. ఇదంతా నాకు చాలా తర్వాత ఒక కండక్టరు చెప్పాడు. తీర్పు నా మీదే పెట్టారని మాత్రం చెప్పలేదు.

ఒక సాయంత్రం నేను వెళ్లేసరికి పందిరిలో క్యాన్లు ఉన్నాయి. ఆమె రేకు చేతికిచ్చి, ఏమీ చెప్పకుండా పోసింది. నురగ ఎగిసిపడింది. తాగాను. అబ్బ! అంత తియ్యటి కల్లు నేను తాగలేదు. నాలుక మీద గుచ్చుకుంటోంది, ముక్కులోకి ఎక్కుతోంది, తల తేలికవుతోంది. కళ్లు మూసుకున్నాను. "అక్కా, ఇన్నేళ్లుగా తాగుతున్నా, ఇట్లాంటి కల్లు ఎరగను. తీపికి తీపి, ఘాటుకు ఘాటు. ఇది ఏ తాడుదో గానీ, దానికి దండం పెట్టాలి," అన్నాను. ఇంకో రేకు అడిగి మరీ తాగాను.

మరిది ఎగిరి గంతేశాడు. "ఇన్నవా వదినె! సారే అన్నడు!"

"ఇన్న," అంది ఆమె. నన్ను చూసి, "రేపు సూద్దాం," అంది. నవ్వలేదు.

మర్నాడు పొద్దున మిర్యాలగూడలో డీలర్ల మీటింగు ఉంది. హైదరాబాదు నుంచి మా పెద్ద ఆఫీసరు వస్తున్నాడు. తెల్లచొక్కా వేసుకుని కోదాడలో బస్సెక్కాను. హుజూర్‌నగర్ రాకముందే లోపల ఏదో మాటామాటా పెరిగింది. హుజూర్‌నగర్‌లో దిగుదామా అనుకున్నాను. ఆఫీసరు గుర్తొచ్చి కూర్చున్నాను. ఊరు దాటాక చెమటలు మొదలయ్యాయి. రాడ్డు పట్టుకుని లేచి ముందుకు నడిచాను.

"కండక్టర్ గారూ, బస్సు ఆపించండి."

"ఇది ఎక్స్‌ప్రెస్ సార్. ఇక్కడ ఆగది."

"బస్సు ఆగకపోయినా పర్లేదు. నేను ఆగలేను."

అతను నా మొహం చూసి విజిలు ఊదాడు. బస్సు సాగర్ కాలువ కట్ట పక్కన ఆగింది. అది ఎవరి పుణ్యమో. నేను తెల్లచొక్కాతో కట్ట ఎక్కి అవతలికి దిగాను. బస్సు నిండా జనం కిటికీల్లోంచి తలలు పెట్టి నాకోసం ఎదురుచూశారు. ఒక ముసలమ్మ, "పాపం, జర నిమ్మళంగ రా బిడ్డా," అని కేకేసింది. తిరిగి ఎక్కాక ఎవరూ నవ్వలేదు. నవ్వకుండా ఉండడానికి వాళ్లు పడుతున్న అవస్థే నన్ను చంపింది. ఇంకో మైలు పోయాక మళ్లీ ఆపించాను. ఈసారి విజిలు నేను అడక్కముందే మోగింది. మీటింగుకు తడిసిన పాంటుతో చేరాను. కొత్త మందు ఎంత త్వరగా పనిచేస్తుందో ఆఫీసరు వివరిస్తుంటే మధ్యలో లేచి వెళ్లిపోయాను.

రెండు రోజులు ఇంట్లో మజ్జిగన్నం మీద బతికి, మూడో రోజు సూర్యాపేట పనికి బయల్దేరాను. దార్లో నా గొడవంతా ఒకటే. ఆ కల్లే కారణమని ఒప్పుకుంటే నా తీర్పు ఏం కావాలి? దండం పెట్టమన్నాను కదా! హోటల్లో తిన్న ఇడ్లీ మీదికి నెట్టేద్దామని నిర్ణయించుకున్నాను. మండువలో ఆమె నిలబడి ఉంది. మరిది క్యాన్ల పక్కన చేతులు కట్టుకుని ఉన్నాడు. మంచం మీద భర్త మోకు పేనడం ఆపాడు.

"మొన్న పొద్దుగాల మంచిగ లేచినవా సారూ?"

"ఆ సంగతి వదిలెయ్ అక్కా. ఆ రుచి ఉంది చూశావూ, అది ఇంకా నా నాలుక మీదే..."

"కాలువకాడ బస్సు ఆగిందంట?"

ఆ బస్సు కండక్టరుకు ఆ మర్నాడే సూర్యాపేట డ్యూటీ పడిందని, అతనూ ఇక్కడి వాడికేనని నాకు తట్టలేదు.

"అది... ఇడ్లీ..." అన్నాను.

"రెండుసార్లు ఆగిందంట?"

తలొంచుకున్నాను. ఆమె క్యాను దగ్గరికి పోయి, కడియం కాలితో ఒక్క తన్ను తన్నింది. అది పొర్లి నురగలు కక్కింది. రెండోది చేతులతో వంచింది. మరిది, "వదినె! సారు మంచిగున్నదనె గద!" అని అరిచాడు.

"సారు నోరు అన్నది. నాకు సారు నోటితోని ఏం పని?" అంది.

ఆ మాట నాకు ములుకులా గుచ్చుకుంది. ఒక్క పొరపాటుకు ఇన్నేళ్ల పేరు తుడిచేసిందే అనుకున్నాను. ఆమె నా వైపు తిరిగి, "ఇగ పో సారూ. ఇంటికి పోయి జావ తాగు. రెండు దినాలు బయట తినకు," అంది. ఆ గొంతులో కోపం లేదు. అది నాకు ఇంకా అవమానంగా తోచింది.

మరిది ఆ సాయంత్రమే కాంపౌండుకు వెళ్లిపోయాడు. కొన్నాళ్లు పందిరి ఖాళీగా ఉంది. రోజూ బస్సులోంచి చూసేవాణ్ని, బోర్లించిన లొట్లు కనిపించేవి. ఆమె పుట్టిల్లు వాడపల్లి వైపు. అక్కడికి పోయి తమ్ముణ్ని బతిమాలి తెచ్చుకుంది. అతను ఎక్కగలిగినన్ని తాళ్లే ఎక్కేవాడు. మధ్యాహ్నానికి కల్లు అయిపోయేది. అయిపోయిందంటే అయిపోయిందనే చెప్పేది, నీళ్లు కూడా కలిపేది కాదు. జనం పొద్దున్నే రావడం అలవాటు చేసుకున్నారు. నాకు మళ్లీ మొదటి లొట్టి కబురు వచ్చినప్పుడు, క్షమించిందనుకున్నాను.

మద్యనిషేధం వచ్చినప్పుడు నా వైభవం చూడాల్సింది. బార్లు మూతపడ్డాయి, కల్లుకు అడ్డు లేదు. బీరు లేక ఎండిపోయిన మిల్లు మేనేజరు తన స్నేహితుల్ని వేసుకుని మిర్యాలగూడ నుంచి జీపులో దిగాడు. నేను వాళ్ల ముందు రేకు పట్టుకుని ఒక ప్రసంగం చేశాను. అయ్యాక మేనేజరు ఆమెను అడిగాడు, "మా సారు చెప్పింది నిజమేనా అక్కా? మీకు ఈయన మాటే మాటంట?"

"ఈ సారు లేకుంటె మా మండువనే లేదు," అంది ఆమె. పందిరి కింద అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను, వినయంగా.

మొన్న కబురు తెలియగానే సూర్యాపేట పని వదిలేసి వెనక్కి బస్సెక్కి అక్కడ దిగాను. పందిరి అలాగే ఉంది. ఆమె నిలబడే చోట ఎవరూ నిలబడలేదు. ఆమె తమ్ముడు పక్కన నిలబడి పోస్తున్నాడు. భర్త మంచం మీద ఉన్నాడు, ముసలివాడైపోయాడు. నన్ను చూసి పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇద్దరం రోడ్డు మీద పోయే లారీల్ని చూశాం. అతనే మొదలుపెట్టాడు.

"జెరమొచ్చింది సారూ. దవాఖానకు తీస్కపోయేటాల్లకే ఐపాయె. మీ అక్క పోయినంక కొత్త తాడు గియ్యలే. ఇయ్యాల్నే గీసినం. నీకు కబురు జెయ్యాల్నని కండక్టరుకు జెప్పిన."

ఆ కండక్టరు బస్టాండులో నన్ను వెతుక్కుంటూ దిగింది అందుకన్నమాట.

"అక్కకు నా మాట మీద అంత గురి," అన్నాను.

అతను నన్ను వింతగా చూశాడు. "మీ అక్క నిన్నేమంటుండెనో ఎర్కేనా సారూ?"

"ఏమనేది?" అన్నాను. మొహాన్ని కొంచెం వినయంగా సర్దుకున్నాను కూడా.

"కడుపు సారు."

"ఏమిటి?"

"కడుపు సారు అంటుండె. ఈ తొవ్వల అందరికెర్కనే. నీకు పడ్డదంటె ఇగ ఎవ్వలికన్న పడ్తదనేది. మొదటిసారి వచ్చినప్పుడు నువ్వే చెప్తివంట గద, పాలు పడయి, పప్పు పడదని. ఆ దినమె అన్నది నాతోని, దేవుడే పంపిండు ఈ సారును అని. దానికి తాగరాదాయె. మేం తాగితె మాకు రాళ్లు గుడ అరుగుతయాయె. ఎవల్ని నమ్మాలె?"

"మరి నేను చెప్పే రుచి?"

"గది మాకు సమజ్ కాకపోవు. మంచిగ చెప్తుంటివి గని."

నాకు ఒక్కొక్కటీ వెనక్కి తిరిగి వచ్చాయి. ఆ జాబితాను ఆమె విన్న శ్రద్ధ. ఒక రోజు ఆగడం. కండక్టర్ల పలకరింపులు. పందిరి కింద నవ్వులు. సారు నోటితో ఏం పని అన్న మాట. ఆ రోజు ఆమె పేరు కాపాడింది నేనే. నాలుక మండువను అమ్మేసి వస్తే, కడుపు కాలువ గట్టున కూర్చుని విడిపించుకొచ్చింది. నవ్వొచ్చింది. గట్టిగానే నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చేశాను. ఈ కడుపుతో నేను పడని అవస్థ లేదు, వినని మాట లేదు. ఇంట్లో అదొక శని, పెళ్లిళ్లలో అదొక తలవంపు. దాన్ని నమ్మి తన పేరు మొత్తం పెట్టిన మనిషి ఈ లోకంలో ఒక్కతే ఉంది. ఆమె లేదు ఇక.

తమ్ముడు రేకు తెచ్చిచ్చాడు. భూమికి రెండు చుక్కలు వదిలాను. ఈసారి ఎందుకో ఇంకో రెండు చుక్కలు కూడా వదిలాను. తాగి, అలవాటు చొప్పున కళ్లు మూసుకున్నాను. "మొదట తీపి..."

"గవన్ని వద్దు తియ్యి సారూ," అన్నాడు ముసలాయన. "రేపు చెప్పు."

తెల్లవారి కోదాడలో లేచి కూర్చుని, కాసేపు కదలకుండా లోపలికి విన్నాను. అంతా నిశ్శబ్దంగా ఉంది. మా ఆవిడ, "ఏమైంది, మళ్లీనా?" అంది. "ఏం కాలేదు," అన్నాను, చాలా గర్వంగా. ఆ రోజు నాకు సూర్యాపేటలో పనేమీ లేదు. అయినా మొదటి బస్సు ఎక్కాను. మండువ దగ్గరికి వచ్చేసరికి ముసలాయన కర్ర పట్టుకుని రోడ్డు అంచున నిలబడి ఉన్నాడు. పందిరి కింద మనుషులు రేకులు మడుచుకుని కూర్చున్నారు. ఎవరూ తాగడం లేదు. కండక్టరు విజిలు ఊదాడు, బస్సు నెమ్మదించింది. నేను కిటికీలోంచి సగం బయటికి వంగి, నాకు రాని వాళ్ల భాషలో, బస్సంతా వినేలా అరిచాను.

"మంచిగ లేసిన! కడుపు మంచిగనే ఉన్నది!"

ముసలాయన కర్ర ఆనించుకుని పందిరి వైపు తిరిగాడు.

"కొత్తది పోయుండ్రి ఇగ!"